రాతిదుమ్ము గురించి నేనన్న మాట

కొన్నేళ్లుగా నేను ఒక మాటను మోస్తున్నాను. అది నేనన్నదే. అన్నది నేనని ఆళ్లగడ్డలో తెలిసిన మనిషి ఒక్కరే ఉండేవారు. ఆయన ఇప్పుడు ఆ ఊళ్లో లేరు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే ఇది రాయగలుగుతున్నాను. దీన్ని ధైర్యమనడానికి నాకే సంకోచంగా ఉంది.

నంద్యాలలో డిగ్రీ చదివేటప్పుడు నేను చర్చాపోటీల్లో మాట్లాడేదాన్ని. మా లెక్చరర్ ఒక పద్ధతి నేర్పారు. ఎదుటిపక్షం చెప్పేదాంట్లో నిజమున్న ఒక్క అంశాన్ని ముందుగా మనమే ఒప్పుకోవాలి. అప్పుడు మనది న్యాయబుద్ధి అని వింటున్నవాళ్లు నమ్ముతారు. ఆ తర్వాత మన వాదనకు బరువు వస్తుంది. ఆ పద్ధతితో నేను చాలా కప్పులు గెలిచాను. గెలుపు కోసం మాత్రమే కాదు, నిజాయితీ అంటే అదేనని నమ్మాను. ఇప్పటికీ కొంత నమ్ముతున్నాను. నా బాధ అక్కడే ఉంది.

ఆ రోజుల్లో ఆళ్లగడ్డలో మా వీధి రోడ్డును వెడల్పు చేస్తామన్నారు, రోడ్డు పక్కనున్నవన్నీ తీసేయాలన్నారు. ఆ రోడ్డు మీద మా నాయన స్టీలు సామాన్ల అంగడి ఉంది. పక్కన ఫొటోలకు ఫ్రేములు కట్టే దేవదానం మామ అంగడి. ఆయనే మా చిన్న అంగళ్ల సంఘానికి కార్యదర్శి. కొంచెం ముందుకు పోతే శిల్పులు రాయి చెక్కే షెడ్లు. అహోబిలానికి పోయే కార్లు అక్కడ ఆగుతాయి. సగం చెక్కిన విగ్రహాన్ని కళ్లతో చూసి, జనం తమ ఊరి గుడికి ఒకటి చెప్పిపోతారు. రోడ్డు మీద ఉండటమే ఆ పనికి ప్రాణం. ఇది నాకు చిన్నప్పటినుంచీ తెలుసు. తెలిసీ అన్నాను.

అంగళ్ల తరఫున, షెడ్ల తరఫున మాట్లాడమని సంఘం నన్ను అడిగింది. నంద్యాలలో రోడ్ల అధికారి ఆఫీసులో లోపలికి ఇద్దరినే రానిచ్చారు, దేవదానం మామనూ నన్నూ. శిల్పి ఓబులేసు అన్నా మిగతావాళ్లూ బయట నిలబడ్డారు. నేను అలవాటు ప్రకారం మొదలుపెట్టాను: "శిల్పుల షెడ్ల నుంచి వచ్చే రాతిదుమ్ము రోడ్డు మీద పోయేవాళ్లకు ఇబ్బందేనని మేము ఒప్పుకుంటున్నాం." దుమ్ము లేవకుండా నీళ్లు పోసి కోసే ఏర్పాటు గురించి, ఆ పనికి రోడ్డు ఎందుకు అవసరమో దాని గురించి ఆ తర్వాత చెప్పాలనుకున్నాను. అధికారి చెయ్యెత్తి ఆపారు. "షెడ్లు ఊరి బయటికి, మిగతా అంగళ్లు ఉన్నచోటే. మీ పక్షమే ఒప్పుకుందిగా," అన్నారు. ఆయన లేచి వెళ్లిపోయారు. అది చర్చాపోటీ కాదు. నా మాట పూర్తయ్యేదాకా వినవలసిన అవసరం అక్కడ ఎవరికీ లేదు.

నేను ఆయన వెనక పరుగెత్తి ఉండవచ్చు. ఎందుకు పరుగెత్తలేదు? మా నాయన అంగడి నిలబడిందన్న సంగతి ఆ క్షణంలో నా మనసులో మెదిలిందా? ఈ ప్రశ్నకు నేను వందరకాల జవాబులు తయారుచేసుకున్నాను. ఏదీ నన్ను నమ్మించలేదు.

బయట ఓబులేసు అన్న ఎదురొచ్చాడు. "ఏం పాపా, సారు నోరు మూయిస్తివా లేదా?"

"అంగళ్లు ఉంటాయన్నారు," అన్నాను. అబద్ధం కాదు. అంతకంటే నీచమైనది.

తిరుగు బస్సులో వాళ్లంతా ముందు సీట్లలో నవ్వుకుంటున్నారు. దేవదానం మామ వచ్చి నా పక్కన కూర్చున్నారు.

"పాపా, వాళ్లకు నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?"

"నేనే చెప్తా మామా. ఈ పొద్దు వద్దు. అందరూ సంతోషంగా ఉండారు."

"బేగా చెప్పు. అనిన నోరే చెప్పాల. నేను చెప్తే చాడీ అయితాది."

సరేనన్నాను. చెప్పలేదు.

దుమ్ము ఇబ్బందని మీ సంఘమే ఒప్పుకుంది కాబట్టి షెడ్లు తీసేయమని నోటీసు వచ్చిన రోజు నేను ఆయన అంగట్లోనే ఉన్నాను. నా బహుమతి పత్రానికి ఫ్రేము కట్టించుకోవడానికి వెళ్లాను. ఓబులేసు అన్న రోడ్డు మీదినుంచే అరిచాడు.

"ఏందప్పా దేవదానం, మా దుమ్ము నీ అద్దాల మీద పడతాండాదనా? మా నోట్లో మట్టి కొట్టి నీ అంగడి నిలబెట్టుకుంటివే! ఆ సిన్నపిల్లకేం తెలుసు, పక్కన కూర్చోని నువ్వే ఒప్పుకొనుంటావు!"

దేవదానం మామ నా వైపు చూశారు. అందులో కోపం లేదు, ఎదురుచూపు ఉంది. అన్ని వేదికల మీద తడబడని నేను, ఆయన చేతిలోని ఫ్రేము వైపు చూపు తిప్పుకున్నాను. ఆయన తల దించుకుని, ఫ్రేమును కాగితంలో చుట్టి నా చేతికిచ్చారు.

తర్వాత సంఘం ఆయన్ను తీసేసింది. జనం ఫ్రేములు వేరేచోట కట్టించుకోవడం మొదలుపెట్టారు. ఆయన అంగడి మూసి, వెలుగోడులో బామ్మర్ది దగ్గరికి వెళ్లిపోయారు. బస్సులో నాతో అన్నట్టే ఆయన నోరు విప్పలేదు. నేను విప్పుతానని ఎంతకాలం చూశారో నాకు తెలియదు. షెడ్లు ఊరి బయటికి పోయాయి. అక్కడ ఏ కారూ ఆగదు. ఓబులేసు అన్న ఇప్పుడు నంద్యాలలో కట్టే ఇళ్లకు మెట్లరాళ్లు కోస్తున్నాడు.

మొన్న అతనే మా ఇంటికి వచ్చాడు. షెడ్లను మళ్లీ రోడ్డు మీదికి తేవాలట. "నువ్వే మాట్లాడాల పాపా. ఈసారి ఆ దేవదానం లాంటోణ్ని ఎంట తీసుకోని రావద్దు," అన్నాడు. వెళ్లాను. ఎంత జాగ్రత్తగా మాట్లాడానో చెప్పలేను. కొత్త అధికారి విని, పాత ఫైలు తిరగేసి, "మీవాళ్లే ఒప్పుకున్నారు కదమ్మా," అన్నారు. ఆ మాట నాది, నేను పొరపాటుగా అన్నాను, వెనక్కి తీసుకుంటున్నాను అని చెప్పడానికి అంతకంటే తగిన చోటు నాకు ఈ జన్మలో దొరకదు. ఓబులేసు అన్న నా పక్కనే కూర్చుని ఉన్నాడు. నేను అధికారికి నమస్కారం పెట్టి లేచాను.

వెలుగోడుకు పోయి మామ కాళ్ల మీద పడవచ్చు. దానివల్ల ఆయన అంగడి తెరుచుకోదు. ఓబులేసు అన్నకు చెప్పవచ్చు. చెబితే మా నాయన ఆ వీధిలో తలెత్తుకోలేడు. ఇవి కారణాలా, నా పిరికితనానికి నేనిచ్చుకుంటున్న గౌరవమైన పేర్లా? తేల్చుకోలేకపోతున్నాను. తేల్చుకున్నా చేయగలనని నమ్మకం లేదు.

మిమ్మల్ని క్షమాపణ అడగడం లేదు. అది ఇవ్వడానికి హక్కున్నవాళ్లు వేరే ఉన్నారు. రాతిదుమ్ము గురించి ఒప్పుకున్నది దేవదానం మామ కాదు, నేను. ముందూ వెనకా ఏ వాదనా లేకుండా ఈ ఒక్క మాట రాయడానికి ఇన్నేళ్లు పట్టింది. రాశాను. ఊపిరి కొంచెం లోపలిదాకా అందుతోంది.