పీకని చీటీ

2001 జూలై 12, గురువారం. పామిడి బస్టాండు బెంచీ మీద ముగ్గురం: నేను, ఒక వేరుశనగ రైతు, ఒళ్లో గాజుమూత పెట్టె పెట్టుకున్న ఒకావిడ. పెట్టెలో సూదులకు గుచ్చిన రెండు తెల్ల రెక్కల పురుగులు ఉన్నాయి.

"మా చేను మేసే గొంగళిపురుగుకు రెక్కలొచ్చినవే కదమ్మా. రెండూ ఒకటే కదా?" అన్నాడు రైతు.

"నేనూ అట్లే అనుకుంటి అన్నా. రెక్కలు చూసి రెండిటికీ ఒకే పేరు రాసి మ్యూజియానికి ఇచ్చినా. మొన్న వెనక్కి తెచ్చుకుని పొట్ట చివర కోసి మైక్రోస్కోపులో చూస్తే, ఈ కుడిపక్కది వేరే జాతి. తిరిగిచ్చేదానికి పోతాండా."

ఆ కుడిపక్క పురుగు సూదికి, తప్పు జాతి పేరు రాసి ఆమె సంతకం చేసిన పాత చీటీ, దాని కింద సరైన పేరుతో కొత్త చీటీ ఉన్నాయి.

"పాతది పీకేయమ్మా, ఎవురికి తెలుస్తాది? నీ తప్పు నువ్వే చాటుకుంటాండావే!" రైతు నవ్వాడు.

"ఉండనీ అన్నా. అది చూసినోళ్లు ఇంకోసారి రెక్కల్ని నమ్మి మోసపోరు."

బస్సు రాగానే, పెట్టె కుదపకుండా రెండు చేతులా పట్టుకుని ఎక్కింది. తన తప్పును అంత భద్రంగా మోసుకెళ్లే మనిషిని అంతవరకు చూడలేదు.

మరునాడు ఉదయం నా పాత డైరీ ఒకటి తీశాను. తమ్ముడు అబద్ధమాడాడని రాసుకున్న పేజీ అందులో ఉంది. ఆడలేదని తర్వాత తెలిసింది. చించేద్దామని ఏళ్లుగా అనుకుంటున్నాను. చించలేదు. కింద 2001 జూలై 13 అని తేదీ వేసి, "పొరపాటు నాది" అని రాసి సంతకం పెట్టాను.