ఉచితంగా వచ్చిన గొంతు

బస్టాండులో మైకు ముందు కూర్చుని బస్సుల రాకపోకలు చెప్పడం ఆయన ఉద్యోగం. ఊరంతా మైకు మామయ్య అనేవారు. యాభై దాటాక గొంతులో పుండు లేచింది. ప్రాణం దక్కాలంటే స్వరపేటిక తీసెయ్యాలన్నారు డాక్టర్లు. తీసేశారు.

ఇంటికొచ్చాక ఆయన సైగలతో అవస్థ పడుతుంటే చూడలేక, కంప్యూటర్లు బాగుచేసే బావమరిది ఒక పాత లాప్‌టాప్‌లో ప్రోగ్రాం ఎక్కించి తెచ్చాడు. టైపు చేసింది చేసినట్టు పైకి పలుకుతుంది.

"ఫ్రీవేర్ బావా. పైసా కట్టక్కర్లేదు."

ముందుగా భార్యను పేరుపెట్టి పిలిచాడాయన. వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చిన ఆవిడ గుమ్మంలోనే నిలబడి ఏడ్చేసింది.

అయితే నాలుగు మాటలయ్యేసరికి తెర మీద ఒక పెట్టె తెరుచుకునేది. అందులో ఉన్నది కూడా ఆ గొంతే చదివేది. "మీరు దీన్ని ఉచితంగా వాడుకుంటున్నారు. నచ్చితే కొనుక్కోండి."

"ఇదేం ఫ్రీరా?" అని పలికించాడాయన.

"అడుగుతోందే గానీ ఆపట్లేదుగా బావా! గడువు లేదు, కోత లేదు. గుర్తుచేసినంత మాత్రాన ఫ్రీ కాకుండా పోతుందా?"

"అన్నం పెట్టి ముద్దముద్దకీ దెప్పితే నువ్వు తింటావా?"

"ఆకలేస్తే తింటా" అన్నాడు బావమరిది.

రోజూ ఇదే గోల. భార్య విసిగిపోయి, "కొని పారెయ్యండి, పీడా పోతుంది" అంది. కొనబోతే, తయారుచేసినవాడి వెబ్‌సైటు ఎప్పుడో మూతపడింది. పుచ్చుకునే నాథుడు లేడు గానీ అడగడం మాత్రం ఆగలేదు.

ఆ ఏడే ఆయన తల్లి పోయింది. చూడవచ్చిన బంధువుల మధ్య, శవం పక్కన, లాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

"చిన్నప్పుడు నాకు నత్తి. అమ్మే పక్కన కూర్చుని ఒక్కో మాటా పలికించేది. మొన్న ఆఖరిసారి నన్ను పిలిచి..."

పెట్టె తెరుచుకుంది. "మీరు దీన్ని ఉచితంగా వాడుకుంటున్నారు. నచ్చితే కొనుక్కోండి."

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. ఆయన మూత దించేశాడు.

మర్నాడు బావమరిది తల వంచుకుని వచ్చాడు. "నువ్వన్నదే నిజం బావా. ఇది ఫ్రీ కాదు. ఇంకోటి వెతుకుతా."

ఆయన వద్దని చెయ్యి ఊపాడు. ఎంత బతిమాలినా మళ్లీ కీబోర్డు ముట్టలేదు.

చలికాలంలో జబ్బు తిరగబెట్టింది. ఆస్పత్రి మంచం మీద మెలికలు తిరుగుతుంటే భార్య వంగి అడిగింది. "నొప్పి ఎక్కడండీ? ఎలాగోలా చెప్పండి."

ఆయన గోడవైపు తిరిగాడు. పోయేదాకా అటే ఉన్నాడు.