టికెట్ రాని పెద్దమనిషి

పోచమ్మ తల్లి మీద ఒట్టు, నా రెండు కళ్ళ మీద ఒట్టు, ఇందులో ప్రతి మాటా నిజం. నన్నెరిగినవాళ్ళు ఇక్కడే నవ్వడం మొదలుపెడతారని తెలుసు. దోహాలో, వెస్ట్ బే దగ్గర మేం కడుతున్న టవర్ పై అంతస్తు నుంచి చూస్తే మన ఊరి గుట్ట కనిపిస్తుందని చెప్పి, కొత్తగా వచ్చిన ఇద్దరిని మెట్ల మీదుగా పైదాకా ఎక్కించినవాణ్ణి నేను. వాళ్ళు చెమటలు కక్కుతూ దిగివచ్చి, మబ్బు అడ్డమొచ్చింది గానీ లేకుంటే కనిపించేదే అన్నారు. మే నెలలో, ఖతర్‌లో, మబ్బు. క్యాంపులో నేనొక్కణ్ణే అబద్ధాలకోరును కాదని ఆ రోజు కాస్త ధైర్యం వచ్చింది.

అవి చమురు ధర రోజుకో మెట్టు ఎక్కుతున్న రోజులు. ధర పెరిగినప్పుడల్లా సముద్రం పక్కన ఇంకో క్రేన్ లేచేది. నేను కంపెనీ బస్సు నడిపేవాణ్ణి. పొద్దున మనుషుల్ని సైటుకు, సాయంత్రం వాళ్ళనే, సగం బరువుతో, క్యాంపుకు. నా పక్క మంచం మామది. వరసకు మామేమీ కాదు, జగిత్యాల దిక్కు మా పక్క ఊరివాడు. ఇనుప సలాకలు కట్టే పని. అక్షరం ముక్క రాదు గాని మనిషి మొహం చూసి సంగతి చెప్పేవాడు. నా మొహం చూస్తే మాత్రం అబద్ధం తప్ప ఏమీ కనిపించదనేవాడు.

మామకు ఒక తమ్ముడున్నాడు. కువైట్‌లో పని అని ఏజెంటు తీసుకుపోయి, అక్కణ్ణించి లారీలో సరిహద్దు దాటించి, ఇరాక్‌లో అమెరికా సిపాయిల క్యాంపులో బట్టలుతికే పనిలో పెట్టాడు. పాస్‌పోర్టు ఏజెంటు దగ్గరే ఉండిపోయింది. ఈ సంగతి వాళ్ళమ్మకు చెప్పలేదు. ఆమెకు గల్ఫ్ అంతా దుబాయే. పెద్ద కొడుకూ దుబాయ్, చిన్న కొడుకూ దుబాయ్. ఒక్క ఊళ్ళో ఉండి ఒకరి మొహం ఒకరు చూసుకోరేందిరా అని ఫోన్‌లో మామను తిట్టేది. మామ తిట్లు పడేవాడు. తమ్ముడు అప్పుడప్పుడూ నా నంబరుకు ఫోన్ చేసేవాడు. గడువు అయిపోయినా వదలడం లేదని, సిపాయిలు క్యాంపు ఎత్తేస్తే తప్ప తమను పంపరని ఒకసారి చెప్పాడు. ఆ ఒక్క మాట పట్టుకుని కూర్చున్నాడు మామ.

అదే సమయంలో అమెరికాలో ఎన్నికల హడావిడి మొదలైంది. అసలు ఎన్నిక కాదు, దానికి ముందుది. ఒకే పార్టీలో పదిమంది నేనంటే నేనని ఊరూరా తిరిగే తంతు. మెస్‌లోని టీవీలో అందరూ వరసగా నిలబడి వాదించుకుంటుంటే మామ అడిగాడు, ఇదేమిటని. పార్టీ టికెట్ కోసం లొల్లి అన్నాను. అంతకంటే చెప్పాల్సిన అవసరం రాలేదు. టికెట్ లొల్లి తెలియని మనిషి మా మండలంలో పుట్టడు.

ఆ వరసలో చిట్టచివర ఒక తెల్లజుట్టు పెద్దమనిషి నిలబడేవాడు. టై ఎప్పుడూ పక్కకే. ప్రశ్నలు వేసేవాడు అందరినీ అడిగి, టైమ్ అయిపోవస్తుంటే ఆయన వైపు తిరిగేవాడు.

“గా మనిషి ఏమంటుండు?” అన్నాడు మామ.

“గెలిస్తే మొదటి దినమే సిపాయిలందర్ని వాపస్ తెస్త అంటుండు.”

మామ నా మొహంలోకి చాలాసేపు చూశాడు. “ఒట్టు?”

“ఒట్టు.”

నమ్మాడు. ఎందుకు నమ్మాడో ఇప్పటికీ తెలియదు. మొహాలు చదవడం వచ్చినవాడు కదా, బహుశా నాది కాదు, ఆ పెద్దమనిషిది చదివాడేమో.

అప్పటినుంచి మామకు వార్తలే సినిమా. కాని రిమోట్ మెస్‌లో వండే మలయాళీ చేతిలో ఉండేది. ఆయనకు ఫుట్‌బాల్ పిచ్చి. మామ వెళ్ళి బేరం కుదుర్చుకున్నాడు: శుక్రవారం బిర్యానీలో తన వంతు కోడి ముక్క ఆయనకు, రోజూ సాయంత్రం వార్తలు తనకు. ఆ బేరం తర్వాత పెద్దమనిషి తెర మీదికి రాగానే వంటాయన గరిటె ఊపుతూ, మీ నాయకుడొచ్చాడు రమ్మని హిందీలో కేకేసేవాడు, “ఆజావ్ బాబా, తుమ్హారా నేతా ఆగయా!” మామ చేతులు తుడుచుకుంటూ పరుగెత్తి వచ్చేవాడు. ఆ కొన్ని వారాలు మామ నిజంగా సంతోషంగా ఉన్నాడు. పోచమ్మకు మొక్కుకున్నాడు కూడా, ఆయనకు టికెట్ వస్తే యాటపోతును కోస్తానని. పేరు పలకడం రాక, తల్లికి గుర్తుండాలని, టై వంకర ఆయన అని చెప్పి మొక్కాడు.

టీవీవాళ్ళకు మాత్రం ఆయన మీద మనసు లేదు. మొదట మొహం నిండుగా చూపించేవారు. తర్వాత గెలిచేలా ఉన్న ఇద్దరి మీద పడ్డారు. ఒకరి కన్నీళ్ళ గురించి ఒక రోజంతా, ఇంకొకరి గొంతు బొంగురుపోయిందని ఇంకో రోజంతా. మా పెద్దమనిషి ఒక మూల డబ్బాలోకి కుదించుకుపోయాడు. ఆ తర్వాత తెర అడుగున పరుగెత్తే అక్షరాల్లోకి దిగిపోయాడు, చమురు ధరకూ ఫుట్‌బాల్ స్కోరుకూ నడుమ. మామకు అక్షరాలు రావు కనుక, ఎప్పుడొస్తాడో నేనే వేలు పెట్టి చూపించేవాణ్ణి. ఆ పేరు నా వేలికన్నా ముందే పరుగెత్తిపోయేది.

ఒకనాడు ఆ అక్షరాల్లోనే చదివాను, ఆయన పోటీనుంచి తప్పుకున్నాడని. మామకు చెప్పాను. నా జన్మలో అంత సూటిగా ఎవరికీ ఏమీ చెప్పలేదు.

మామ నవ్వాడు. “నడువు. గుట్ట కనవడ్తదని మెట్లెక్కించినోనివి.”

ఒట్టేశాను. నా ఒట్టుకు విలువెంతో ఆయనకు తెలుసు. రూములో మిగతావాళ్ళు కూడా నిజమేనన్నారు. అందరం కుమ్మక్కై ఆట పట్టిస్తున్నామనుకున్నాడు. సాయంత్రం యథాప్రకారం వచ్చి టీవీ ముందు కూర్చున్నాడు. వంటాయన కోడి ముక్క యథాప్రకారం తీసుకున్నాడు. ఇంతమందికి నా వల్ల నవ్వు వచ్చింది కాని, నిజం చెప్పినప్పుడు ఒక్కడు నమ్మకపోతే ఎలా ఉంటుందో నాకప్పుడే తెలిసింది.

చివరికి ఒక శుక్రవారం మధ్యాహ్నం మామను అల్ సద్‌లో మా సైట్ ఇంజనీరు సార్ ఇంటికి తీసుకువెళ్ళాను. కోనసీమ మనిషి. చదువుకున్నాయన చెబితే వింటాడని నా ఆశ. మేడమ్ జంతికలూ టీలూ పెట్టారు. మామ సోఫా అంచు మీద కూర్చుని, టీ ముట్టుకోకుండా, పెద్దమనిషి సంగతి అడిగాడు.

“లేదయ్యా, ఆయన తప్పుకున్నాడు. టీవీల్లో కనపడకపోతే అక్కడ నిలబడ్డం కష్టం,” అన్నారు సార్.

మామ గ్లాసు పక్కకు జరిపి, “టికెట్ రాకుంటె ఇండిపెండెంట్‌గ నిలవడ్తడు గద సార్? మా దిక్కు గట్లనే నిలవడ్తరు. గెల్చినోళ్ళు గూడ ఉన్నరు,” అన్నాడు.

అక్కడ అలా జరగదని సార్ అనబోయారు. మేడమ్ మామ చేతుల వైపు చూసి భర్త వైపు చూశారు. “చూద్దాం,” అన్నారు సార్.

మామకు ఆ ‘చూద్దాం’ చాలింది. తిరిగి వస్తూ బస్సులో నా వెనక కూర్చుని, రెబల్‌గా నిలబడ్డవాడి కసి వేరే ఉంటుందని, మా సర్పంచ్ ఎన్నికల కథలన్నీ చెప్పాడు. ఆ తర్వాత నెలల తరబడి నన్ను ఒక్కటే అడిగేవాడు, నామినేషన్ ఎప్పుడేస్తాడని. ఈలోగా తమ్ముడి ఫోన్లు తగ్గాయి. తర్వాత ఆగిపోయాయి. ఆ మాట ఇద్దరం ఎత్తలేదు. నామినేషన్ గురించే మాట్లాడుకున్నాం.

ఎండలు ముదిరి మధ్యాహ్నం పనికి సెలవిచ్చే కాలంలో ఒక పెద్ద సభ చూపించారు. జెండాలు, బుడగలు, టికెట్ గెలిచినాయన వేదిక మీద. ఆయన వెనక వరసలో మా తెల్లజుట్టు పెద్దమనిషి. గెలిచినాయన ఆయన చెయ్యి పట్టుకుని పైకెత్తాడు. ఆయన నవ్వాడు. టై ఆ రోజు తిన్నగా ఉంది.

వంటాయన కూడా కేక వెయ్యలేదు. మామ ఆ నవ్వుమొహాన్ని అది తెర మీద ఉన్నంతసేపూ చదివాడు.

“బంద్ జెయ్ అల్లుడా,” అన్నాడు. “ఓడిపోయిండు మనిషి.”

లేచి రూముకు వెళ్ళి, ఉతికి ఆరేసిన తన డ్యూటీ బట్టల్నే మళ్ళీ బకెట్లో నానబెట్టాడు.

చలికాలం మొదట్లో, ఒక శుక్రవారం పొద్దున, బస్సు కడుగుతుంటే నా ఫోన్ మోగింది. మామ తమ్ముడు. గొంతు దూరంగా, గాలి హోరులో. క్యాంపు ఎత్తేస్తున్నారనీ, కువైట్ దాకా బస్సు పెట్టారనీ, అన్నకు ఇవ్వమనీ అన్నాడు. తడి చేతులతోనే పరుగెత్తి మామకిచ్చాను. మామ ముందు ఇన్నాళ్ళూ ఫోన్ చెయ్యనందుకు బండబూతులు తిట్టాడు. తర్వాత గోడకు ఆనుకుని కింద కూర్చుండిపోయాడు.

ఆ ఫోన్ ఒక్కటి నేను కల్పించింది. ఆ ఫోన్ రాలేదు. ఆ నంబరు నుంచి గాని, ఏజెంటు నుంచి గాని, ఏ ఆఫీసు నుంచి గాని ఇప్పటిదాకా ఏ కబురూ రాలేదు. ఉన్నాడనీ లేదు, లేడనీ లేదు.

మామ ఇప్పుడు ఊళ్ళోనే ఉంటున్నాడు. నేను సెలవుకు వెళ్ళినప్పుడల్లా ఇంటికి పిలిచి, మంచం వాల్చి, “గా ఫోన్ ముచ్చట జెప్పు అల్లుడా,” అంటాడు. రాలేదని ఆయనకు తెలుసు. ఆయన పక్కన వాళ్ళమ్మ కూర్చుంటుంది. నేను చెబుతాను. ఒకసారి గాలి హోరు కలుపుతాను, ఒకసారి వెనకాల ఎవరో నవ్వుతున్నారంటాను. అంతా విని ఆమె ప్రతిసారీ ఒకటే అడుగుతుంది, తిన్నవా బిడ్డా అని మీరు వాణ్ణి అడిగిండ్రా లేదా అని.

దానికి జవాబు నేను చెప్పను. మామే చెబుతాడు.

“అడిగినమ్మా. తిన్న అన్నడు.”