బొరుగుల్లో దాచిన పెసలు

మా ముత్తాత వెంకటనరసింహయ్యగారు దొడ్డబళ్ళాపురం తాలూకాలో మూడు ఊళ్ళకు జోడీదారు. అంటే మహారాజులిచ్చిన ఊళ్ళను నామమాత్రపు కందాయం పన్ను కట్టి అనుభవించే హక్కు గలవారు. మా తాతగారు ఆనరరీ మేజిస్ట్రేటు. ఆయన బండి కచేరీ ముందు ఆగితే గుమాస్తాలు లేచి నిలబడేవారని చూసినవాళ్ళే నాకు చెప్పారు. వారి వంశంలో పుట్టిన నేను, శేషగిరిని, ముప్పై ఏళ్ళు ఎక్స్-రే టెక్నీషియన్‌గా నెలజీతానికి పనిచేశాను. బంధువులు నన్ను "ఫోటోలు తీసేవాడు" అనేవారు. నేనెప్పుడూ జవాబు చెప్పలేదు. నా జవాబు నా ఫిల్ముల్లో ఉండేది.

ఇది 2001 నాటి సంగతి. బెంగళూరులో యలహంక వెళ్ళే దారిలో ఒక ట్రస్టు ఆసుపత్రి ఉండేది. అక్కడి సిటి స్కాన్ గది నా చేతికింద ఉండేది. సిటి అంటే ఎక్స్-రే గొట్టం రోగి చుట్టూ తిరుగుతూ ఒంటి లోపలిభాగాన్ని పలుచని ముక్కలుగా చూపించే యంత్రం. కిరణం ఎంత పోయాలో చెప్పే అంకెను ఎం.ఏ. అంటాము. అది ఎక్కువ పెడితే బొమ్మ నున్నగా వస్తుంది. తక్కువ పెడితే ఇసుక చల్లినట్టు గరుకుగా వస్తుంది. ఆ ఇసుకకు మా భాషలో నాయిస్ అని పేరు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. మామూలు ఎక్స్-రేలో కిరణం ఎక్కువైతే ఫిల్ము నల్లబడి టెక్నీషియన్ తప్పు అందరికీ తెలిసిపోయేది. సిటిలో అలా కాదు. ఎంత ఎక్కువ పోస్తే బొమ్మ అంత అందంగా వస్తుంది, డాక్టర్లు మెచ్చుకుంటారు, రోగికి చీమ కుట్టినట్టయినా ఉండదు. అందుకే మేము పహిల్వానుకూ పసిపిల్లకూ ఒకే అంకె, రెండువందలు, పెట్టేవాళ్ళం. పైగా ఛాతీ ఒక్కటే అడిగినా, ఎందుకైనా మంచిదని మెడ దగ్గర మొదలుపెట్టి మూత్రపిండాల దాకా తీసేవాళ్ళం. నా బొమ్మలు నున్నగా ఉంటాయని ఆసుపత్రి అంతా పేరు. ఆ పేరును నేను ఆస్తిలాగా కాపాడుకునేవాణ్ణి.

ఆ ఏడాదే డాక్టర్ వసుంధర కొత్త రేడియాలజిస్టుగా చేరారు. అంటే స్కాన్లు చదివి జబ్బు చెప్పే డాక్టరు. చిక్కపేట బట్టల వ్యాపారుల ఇంటి ఆడపడుచు, సన్నని మనిషి, చిన్న గొంతు. మొదటి వారంలోనే నా ఛాతీ ఫిల్ము ఒకటి లైటుపెట్టెకు తగిలించి చాలాసేపు చూశారు.

"శేషగిరిగారూ, బొమ్మ చాలా బాగుంది."

నేను హుందాగా తలవంచాను.

"ఇంత బాగుండాల్సిన పనిలేదు," అన్నారు.

ఆ మాట నాకు రెండు రోజులు నిద్రపట్టనివ్వలేదు.

మూడో రోజు మంజుల వచ్చింది. పందొమ్మిదేళ్ళ పిల్ల. తండ్రి నారాయణప్ప దొడ్డబళ్ళాపురంలో పట్టు నేసేవాడు. ఆమెకు దగ్గు, జ్వరం, బరువు తగ్గడం. వేరేచోట అప్పటికే రెండుసార్లు సిటి తీశారు. ఎడమ ఊపిరితిత్తిలో బఠాణీకంటే పెద్ద గడ్డ ఒకటి, దాని చుట్టూ పెసగింజలంతవి ఐదు ఉన్నాయి. మా సర్జన్ డాక్టర్ శివరాం ఛాతీ తెరిచి గడ్డ ఉన్న భాగాన్ని తీసేద్దామన్నారు. వసుంధరగారు అది క్షయ కావచ్చన్నారు. మూడు నెలలు మాత్రలు వేసి, మధ్యలో ఒకసారి, చివర ఒకసారి స్కాన్ చేసి చూద్దాం, గడ్డలు కరిగితే కత్తి అక్కర్లేదు అన్నారు. సర్జన్ ఒప్పుకున్నారు, మూడు నెలలకే.

"మొత్తం నాలుగు స్కాన్లు అవుతాయి. పెళ్ళికావలసిన పిల్ల రొమ్ముల మీదుగా నాలుగుసార్లు కిరణం పోస్తున్నాం," అన్నారు వసుంధరగారు నాతో. "దానివల్ల ఇరవై ఏళ్ళ తర్వాత కీడు రావచ్చు, రాకపోవచ్చు. రాకపోవచ్చులే అని పొయ్యడం నాకు చేతకాదు."

మర్నాడు ఆవిడ ఒక ప్లాస్టిక్ డబ్బా, రెండు సేర్ల బొరుగులు, గుప్పెడు పెసలు తెచ్చారు. ఊపిరితిత్తి గాలితో నిండిన సంచి. దానికి బొరుగులకంటే దగ్గరి పోలిక లేదన్నారు. నేను పెసలు లెక్కపెట్టి బొరుగుల్లో దాచాలి, డబ్బాను స్కాన్ చెయ్యాలి, ఆవిడ చూసి ఎన్ని ఉన్నాయో చెప్పాలి. రెండువందల నుంచి మొదలుపెట్టి అంకె తగ్గిస్తూ పోయాము. వందకూ, యాభైకీ ఒక్క గింజా తప్పిపోలేదు. ఇరవై అయిదుకు రెండు కనబడలేదు. యాభై దగ్గర నిలిపారు. అంటే నేను పోస్తున్నదాంట్లో పావు వంతు. నాయిస్ మాత్రం రెండింతలు.

"నల్లటి జడలో మల్లెపువ్వును చూడ్డానికి పెట్రోమాక్స్ దీపం ఎందుకండీ?" అన్నారు. ఛాతీ నడుమ గుండె పక్కనుండే గ్రంథులను చూడాలంటే మాత్రం ఈ కాస్త వెలుతురు చాలదని ఆవిడే ముందు చెప్పి, అది కూడా కాగితం మీద రాశారు. స్కాన్ హద్దులు కూడా గీశారు: ఊపిరితిత్తి కొన నుంచి అడుగు దాకా, అంతకుమించి ఒక్క అంగుళం వద్దు.

ఆరు వారాలకు మంజుల వచ్చింది. కాగితం మీద యాభై అని ఉంది. నా చెయ్యి నూట ఇరవై పెట్టింది. నా గది నుంచి ఇసుక పోసిన బొమ్మ బయటికి వెళ్ళడం నేను సహించలేకపోయాను. ఆవిడకు తెలియదనుకున్నాను. ఆవిడ తెరమీద గుండె రక్తనాళంలో చిన్న గుండ్రం గీసి, యంత్రం చూపిన నాయిస్ అంకె చదివి, నావైపు తిరిగారు.

"ఇది యాభై కాదు."

"కాదండీ. నూట ఇరవై. బొమ్మ చెడితే నా పేరు..."

"మీ పేరును ఆ పిల్ల మోసిందన్నమాట," అన్నారు. గొంతు పెంచలేదు. ఎవరికీ ఫిర్యాదు చెయ్యలేదు. ఆ రోజు రిపోర్టులో ఎంత కిరణం వాడామో ఉన్నదున్నట్టు రాసి, కింద నన్ను సంతకం చెయ్యమన్నారు. చేశాను. అన్నేళ్ళ ఉద్యోగంలో నేను తలదించుకుని చేసిన సంతకం అదొక్కటే.

పెద్ద గడ్డ కొంచెం తగ్గింది. చిన్నవి ఇంకా ఉన్నాయి. అసలు పరీక్ష మూడో నెలలో.

ఈసారి నేను యాభైయే పెట్టాను. నాయిస్ పెరిగినప్పుడు బొమ్మను కాపాడేది రోగి కదలకుండా ఉండడమే. మా పాత యంత్రానికి ఇరవై సెకన్లు ఊపిరి బిగబట్టాలి. మంజులకు దగ్గు, భయం. రెండుసార్లు చేయించి చూశాను, పదిలోనే వదిలేసింది. తలుపు దగ్గర నిలబడిన నారాయణప్ప కల్పించుకున్నాడు.

"సార్, నేనొక మాట చెప్తానప్పా. అమ్మణ్ణీ, పోగు తెగితే అతికేటప్పుడు ఊపిరి పీలుస్తావా నువ్వు?"

"లేదు నాయనా."

"ఇప్పుడు పోగు తెగుండాది అనుకో. అతుకు."

ఆ పిల్ల కళ్ళు మూసుకుని ఇరవై రెండు సెకన్లు రాయిలా పడుకుంది. అంత నిశ్చలమైన ఛాతీని నేను మళ్ళీ చూడలేదు.

పెద్ద గడ్డ సగానికి తగ్గింది. చిన్నవి ఐదూ లేవు. డాక్టర్ శివరాం ఫిల్ము చూసి నవ్వారు.

"ఏన్ మేడమ్, చిన్నవి పోలేదు. మీ ఇసుకలో పూడిపోయాయి. పాత పద్ధతిలో మళ్ళీ తియ్యండి, లేకపోతే సోమవారం నేను తెరిచి చూస్తాను."

ఆయన అడిగింది న్యాయమైన ప్రశ్నే. అవి నిజంగా పోయాయా, మాకు కనబడటం లేదా? ఆ పిల్ల ఛాతీ మీద కత్తి పడాలా వద్దా అన్నది దానిమీదే ఉంది. వసుంధరగారు వాదించలేదు. నన్ను డబ్బా తెమ్మన్నారు. కొత్త బొరుగులు పోయించారు.

"సర్, మీ చేత్తోనే దాచండి. ఎన్నో నాకు చెప్పకండి. శేషగిరిగారికీ చెప్పకండి."

ఆవిడ బయటికి వెళ్ళారు. సర్జన్ నాకు వీపు తిప్పి గింజలు దాచారు. నేను యాభైతో తీశాను. వసుంధరగారు వచ్చి ఒక్కొక్క ముక్కనూ తెరమీద జరుపుతూ చూశారు. ఇరవై నిమిషాలు పట్టింది.

"ఏడు పెసలు," అన్నారు. "ఇంకొకటి ఉంది సర్. అది పెసగింజ కాదు. గట్టిది, మూలలో ఉంది."

"నేను ఏడే వేశానమ్మా. ఎనిమిదోది మీ ఇసుకే."

డబ్బాను వార్తాపత్రిక మీద కుమ్మరించాము. ఏడు పెసలు దొరికాయి. ఎనిమిదోదాన్ని సర్జన్‌గారే వేళ్ళతో వెతికి పట్టుకున్నారు. బొరుగులతో అంగడి నుంచి వచ్చిన గులకరాయి, పెసగింజంత కూడా లేదు.

ఆయన దాన్ని అరచేతిలో దొర్లించి చూశారు. "ఈ బొరుగులు తినివుంటే నా పన్ను పోయేది," అన్నారు. సోమవారం ఆపరేషన్ల జాబితాలో మంజుల పేరు కొట్టేశారు. మళ్ళీ స్కాన్ అడగలేదు.

మాత్రలు ఇంకా ఆరు నెలలు వాడి ఆ పిల్ల కోలుకుంది. ఆ నెల నుంచే మా గదిలో మనిషి లావునూ, అడిగిన ప్రశ్ననూ చూసి అంకె పెట్టడం అలవాటైంది. తర్వాతి యంత్రాలు ఆ పని వాటంతటవే చేసేవి. వసుంధరగారు దాన్ని బొరుగుల డబ్బాతో, తన కళ్ళతో చేశారు. నేను చూసిన పెద్దమనుషుల్లో ఆవిణ్ణి మొదటి వరసలో కూర్చోబెడతాను. అప్పటిదాకా ఎక్కువ ఇవ్వడమే ఘనత అనుకున్నాను. ఎంత చాలో తెలుసుకుని అక్కడ ఆగడానికే ఎక్కువ నేర్పూ, ఎక్కువ ధైర్యమూ కావాలని ఆవిడవల్ల తెలిసింది.

ఆఖరి మాత్రల చీటీకి వచ్చినప్పుడు నారాయణప్ప నాకొక సంగతి చెప్పాడు. ఆపరేషన్ తప్పదనుకుని, దాని ఖర్చుకని ఇంట్లో ఉన్న రెండు మగ్గాల్లో ఒకదాన్ని వాళ్ళు ముందే అమ్మేశారు.