ఇరవైనాలుగు ఇచ్చే బండి

పంపన్నతో మీరు ఏ ముచ్చటైనా మొదలుపెట్టండి, మూడో మాటకల్లా అది ఆయన కారు మైలేజీ దగ్గరికొచ్చి ఆగుతుంది. వానల గురించి అడగండి, కంది ధర అడగండి, పిల్లల చదువు అడగండి. "అదంత ఉండనీ గానీ, నా బండి లీటరుకు ఇరవైనాలుగు ఇస్తది, తెలుసా?" అంటాడు. రాయచూరు బజారులో గోనెసంచులు అమ్మే పంపన్నలు ఇద్దరున్నారు. అందుకని మావాణ్ని అందరూ ఇరవైనాలుగు పంపన్న అంటారు. ఆయన దాన్ని బిరుదు కింద స్వీకరించాడు.

మొన్న మా వీధి చివరింటి వెంకోబరావుగారు పోతే పరామర్శకు వెళ్లాం. పంపన్న ఆయన కొడుకు చేతులు పట్టుకుని చాలాసేపు మైలేజీ ఊసెత్తకుండా కూర్చున్నాడు. ఫరవాలేదు, మనిషికి సమయం సందర్భం తెలుసు అని నేను అనుకునేలోపు, వాకిట్లో ఆగిన శవం బండిని చూసి నిట్టూర్చాడు.

"పాపం పెద్దాయన. జిందగీ అంత సైకిలు మీద తిరిగిండు. ఆఖరుకు లీటరుకు ఎనిమిది గూడ ఇయ్యని బండి ఎక్కవలసొచ్చె."

ఆ కొడుకు ఏడుపు ఆపి కళ్లు తుడుచుకుని, "మీది ఎంతిస్తదన్నా?" అని అడిగాడు. ఇక చెప్పాలా? శవం లేచేదాకా అదే ముచ్చట.

పంపన్నంటే నాకు కుళ్లు. ఈ మాట చెప్పడానికి నాకేమీ మొహమాటం లేదు, ఎందుకంటే నా కుళ్లుకు న్యాయముంది. ఆయనదీ నాదీ ఒకే కంపెనీ, ఒకే నాలుగు సిలిండర్ల పెట్రోలు సెడాన్, ఒకే బూడిద రంగు. ఒకే షోరూములో ఒకే వారం కొన్నాం. ఆయన బండి ఇరవైనాలుగు ఇస్తుంటే నా బండి ఎంత బతిమాలినా పదమూడు దాటదు. కవలపిల్లల్లో ఒకడికి ర్యాంకొచ్చి ఇంకొకడు ఫెయిలైతే, ఆ ఫెయిలైనవాడి తండ్రిని నేను. మెకానిక్కును మార్చాను, టైర్లు మార్చాను, పెట్రోలు పోయించుకునే బంకు మార్చాను. మా ఇందుమతి మాత్రం, "బండి మంచిదే, నీ కాలే మంచిది గాదు. ఆడలేక మద్దెల ఓడన్నట్టున్నది నీ కథ" అని తేల్చేసింది. పెళ్లాం నోట ఆ మాట వినడం కన్నా, ఆ మాట అంటూ కిటికీలోంచి పంపన్న బండిని మెచ్చుకోలుగా చూడడం నాకు ఎక్కువ మండింది.

ఒకరోజు సిగ్గు విడిచి ఆయన దుకాణానికే వెళ్లి అడిగాను. "నిజం చెప్పు పంపన్నా. ఎట్ల వస్తది ఇరవైనాలుగు?"

"రెండే ముచ్చట్లు గురునాథా. ఒకటి, బండి ఖాళీగ తిరగొద్దు. ఖాళీ బండి ఎగిరెగిరి పడ్తది, పెట్రోలు తాగుతది. లోడు ఉంటేనే బండికి బుద్ధొస్తది."

"రెండోది?"

"ఏసీ బరాబర్ ఎయ్యాలె. ఇంజను చల్లగుంటది. చల్లగున్నోనికి దాహం అయితదా, చెప్పు?"

ఈ శాస్త్రం ఎక్కడిదో నాకు తెలీదు. కానీ కుళ్లు ఉన్నవాడికి తర్కం ఉండదు. నాది గిన్నెల దుకాణం. ఆ మధ్యాహ్నమే ఇత్తడి బిందెలు, గంగాళాలు డిక్కీ నిండా, వెనక సీటు నిండా కుక్కి, ఏసీ పెట్టి ఇడపనూరు దాకా వెళ్లొచ్చాను. దారి పొడుగునా ఆ మోతకు ఆడవాళ్లు పాత సామాను పట్టుకుని ఇళ్లలోంచి బయటికొచ్చారు. ఒకావిడ సొట్టపడ్డ చెంబుతో బండికి అడ్డం నిలబడింది. తీరా లెక్క వేస్తే మైలేజీ తొమ్మిది. పైగా రెండు బిందెలకు సొట్టలు.

"బిందెలు లోడు గాదు, గురునాథా. మనుషులు ఎక్కాలె" అన్నాడు పంపన్న, నా బాధంతా విని.

మనుషులా? నా బండి ఎవరెక్కుతారు? బజారులో ఎవరినైనా "రాండి, దించుతా" అని పిలిస్తే, "ఎందుకులే గురునాథన్నా, మీది పదమూడే గద, మీకు దండుగ" అని జాలిగా తప్పుకుంటారు. అదే పంపన్న తలుపు తీస్తే బస్సుకు ఎక్కినట్టు ఎక్కుతారు. నిజం చెప్పే మనిషికి ఈ లోకంలో తోడు దొరకదు.

ఆయన బండికి అసలైన లోడు గౌరవ్వ. ఆమెది ఊరవతలి పల్లె చంద్రబండ. ఏళ్ల తరబడి పంపన్న దుకాణం ముందు ఆకుకూరలు అమ్మింది. ఎవరి సొమ్మూ ఊరికే ముట్టని మనిషి. ఎండలో కూర్చుందని పంపన్న ఒక టీ ఇప్పిస్తే, సాయంత్రం లేచేటప్పుడు ఒక మెంతికట్ట గల్లాపెట్టె మీద పెట్టి మరీ వెళ్లేది. ఇప్పుడు కిడ్నీలు చెడిపోయి, మంగళవారం, శుక్రవారం డయాలసిస్‌కు ఊళ్లోకి రావాలి. సరిగ్గా ఆ రెండు రోజులే పంపన్న ఇంజనుకు బయటి గాలి తగలాల్సి వస్తుంది. చంద్రబండ వైపే తగలాలి. ఆమెను ఎక్కించుకొస్తాడు, సాయంత్రం దింపొస్తాడు. ఇదేమి విడ్డూరం అని ఒకసారి ఆమెనే అడిగాను.

"ఏం జేస్తు అయ్యా. నేను కూసోకపోతే ఆయన బండి పెట్రోలు ఎక్కువ తాగుతదంట. అంత పెద్ద సావుకారి నోరు తెరిచి అడిగె, కాదంటనా?" అంది గౌరవ్వ, ఏదో పెద్ద ఉపకారం చేస్తున్నదానిలాగా.

నా ఒళ్లు మండింది. జబ్బు మనిషిని ఇసకబస్తాలాగా వాడుకుని మైలేజీ పెంచుకుంటున్నాడు. ఆ సాయంత్రమే బజారులో నలుగురి ముందు పంపన్నను నిలదీసి పందెం వేశాను.

"నోటిమాటలు వద్దు. ట్యాంకు టు ట్యాంకు చూద్దాం. ఇద్దరం ఒకే బంకుల మెడ దాకా పోయించుకుందాం. సింధనూరు పక్కన గోరేబాళ దాకా పోయొద్దాం. వచ్చి అదే పంపు కాడ మళ్ల మెడ దాకా పోయించుకుందాం. ఎవరిది ఎంత తాగిందో అక్కడనే తెలుస్తది. షర్త్."

పంపన్న మొహం పాలిపోయింది. నాకు ప్రాణం లేచొచ్చింది.

"ఎందుకు గురునాథా, పరేషాన్. నీది గూడ మంచి బండే" అని జారుకోబోయాడు. కానీ ఆయన బండిలో అప్పటికే ఎక్కి కూర్చున్న గౌరవ్వ కిటికీలోంచి తల బయట పెట్టింది.

"భయమేంది సావుకారీ, పెట్టుకో షర్త్. లోడుకు నేనొస్తా. గోరేబాళల నా బిడ్డను గూడ చూసినట్టయితది."

అంత నమ్మకంగా ఆమె అన్నాక ఆయనకు తప్పించుకునే దారి లేకపోయింది.

ఆదివారం పొద్దున ఊరి బయట బంకులో ఇద్దరం బండ్లు నిలిపాం. బంకులో పనిచేసే శరణబసవ పెట్రోలు పోస్తుంటే, గాలిబుడగలు పోయి ఇంకో గుక్క పట్టాలని నేను బండిని పట్టుకుని ఊపాను. నన్ను చూసి పంపన్నా ఊపాడు. లోపల కూర్చున్న గౌరవ్వ ఉయ్యాల ఊగినట్టు ఊగింది. శరణబసవ "సాక్రీ సార్, సాక్రీ" అని, ఇక చాలని కన్నడంలో మా ఇద్దరినీ వారించాడు.

దారిలో నేను ఏసీ ముట్టుకోలేదు. ఐదో గేరు దించలేదు. పక్కన ఇందుమతి చెమటలో నానిపోయి, "పోయేది ఊరికా, పొయ్యిలకా?" అని అడిగింది. వెనక్కి చూస్తే పంపన్న బండి అద్దాలన్నీ బిగించుకుని, ఏసీ చల్లగా వేసుకుని, పెళ్లి ఊరేగింపులాగా వస్తోంది. ప్రతి గుంత ముందూ నిలబడి, దాన్ని పలకరించి, మెల్లగా దిగి, మెల్లగా ఎక్కుతోంది. మూడో గేరు దాటుతున్నట్టే లేదు. ఇట్లా నడిపి ఇరవైనాలుగు ఎట్లా తెస్తాడో దేవుడికే తెలియాలని నేను పళ్లు కొరుక్కున్నాను. తిరుగుదారిలో గౌరవ్వ బిడ్డ ఇచ్చిన బియ్యం మూట కూడా ఆయన డిక్కీలోకి ఎక్కింది. "ఇంకింత లోడు. ఇయ్యాల ముప్పై వస్తది సావుకారీ" అంది గౌరవ్వ సంబరంగా.

బంకుకు నేను ముందొచ్చాను. పోయించుకుని లెక్క వేస్తే పదహారు. నా బండి జీవితంలో పదహారు చూడడం అదే మొదలు. పంపన్న వచ్చాడు. శరణబసవ పోయడం మొదలుపెట్టాడు. పోస్తూనే ఉన్నాడు. నాది నిండినచోట ఆయనది నిండలేదు. అంకెలు తిరుగుతూనే ఉన్నాయి. పంపన్న తన పంచెకట్టును వెడల్పు చేసుకుని, బండిలో ఉన్న గౌరవ్వకు పంపు కనపడకుండా అడ్డంగా నిలబడ్డాడు. నేను పక్కనుంచి తొంగి చూశాను. రెండుసార్లు లెక్క వేశాను.

పదకొండు.

ఆ క్షణంలో నా ఆనందం నేను చెప్పలేను. ఇన్నేళ్ల కడుపుమంట ఒక్కసారిగా చల్లారింది. నా బండే గొప్ప. మొదటినుంచీ నా బండే గొప్ప. బజారంతా వినేలా అరవడానికి నోరు తెరిచాను. పంపన్న నా మోచెయ్యి పట్టుకుని గాలి కొట్టే మిషను వెనక్కి లాక్కుపోయాడు.

"గెలిచినవ్ గురునాథా. అది ఎప్పుడూ అంతే ఇస్తది. పదకొండే. ఇరవైనాలుగు ఏ బండి ఇస్తదయ్యా, పిచ్చోడా?"

"మరి ఊరంత దండోరా ఎందుకేసినవ్?"

"గౌరవ్వ బస్టాండుల కళ్లు తిరిగి పడ్డది, యాదికుందా? ఆ దినం బండి ఎక్కుమంటే ఎక్కలే. నా ఒక్కదానికి అంత పెట్రోలు కాలుస్తవా సావుకారీ, నాకు బస్సున్నది అనె. అప్పుడు నోటికొచ్చింది చెప్పిన. ఇరవైనాలుగు ఇస్తది, నువ్వు కూసుంటే ఇంకింత ఇస్తది అని. ఎక్కింది."

"ఆమెకు చెప్తే చాలదా? బజారుకంత ఎందుకు?"

"బజారుల కూసున్న మనిషి గద. ఎవడో ఒకడు ఆమె ముంగట సెడాన్ బండి పదకొండే ఇస్తది అంటే అయిపోయె. ఒక్కరికి చెప్పిన అబద్ధం నిలవాలంటే ఊరందరికి చెప్పాలె, గురునాథా. సావు ఇంట్ల గూడ చెప్పాలె. ఇప్పుడు నువ్వు పదకొండని అరిస్తే, వచ్చే మంగళవారం ఆమె బస్సెక్కుతది."

ఆ ఏసీ ఎవరికోసమో, గుంతల దగ్గర ఆ మర్యాద ఎవరికోసమో, మూడో గేరు ఎందుకో నాకు అప్పుడు అర్థమైంది. కానీ అర్థమైతే మాత్రం? జీవితంలో ఒక్కసారి గెలిచాను. ఆ గెలుపు గొంతులో చేపముల్లులాగా నిలబడింది.

బండి దగ్గరికి వచ్చేసరికి గౌరవ్వ అద్దం దించి ఎదురుచూస్తోంది. "ఏమొచ్చిందయ్యా?"

నేను పంపన్న వైపు చూశాను. ఆయన నేలవైపు చూస్తున్నాడు.

"ఇరవైనాలుగు" అన్నాను. పన్ను పీకించుకున్నా అంత నొప్పి ఉండదు.

"మరి నీది?"

"తొమ్మిది." గెలుపు ఎట్లాగూ పోయింది, ఇక పరువు మాత్రం ఎందుకు?

శరణబసవ పంపు వంక, నా వంక మార్చి మార్చి చూశాడు. ఇందుమతి తల పట్టుకుంది. గౌరవ్వ కళ్లల్లో మాత్రం నా మీద పుట్టెడు జాలి.

"అయ్యో, తొమ్మిదేనా? ఖాళీగ తిప్పుతవు గద, మరేమొస్తది? ఒక పని జెయ్యి. శుక్రారం నుంచి నేను నీ బండిల కూసుంటా. సావుకారిది ఎట్లాగూ ఇరవైనాలుగు వస్తున్నది, ఇంక ఆయనకు నేనెందుకు?"

పంపన్న గాభరాగా ముందుకొచ్చాడు. "అట్ల గాదు గౌరవ్వా, నువ్వు దిగితే నాది పడిపోతది."

"ఊకో సావుకారీ. అంత ఆశ పనికిరాదు. జరా పక్కోడు గూడ బాగుపడనీ."

ఆ శుక్రవారం నేను చంద్రబండ వెళ్లాను. ఏసీ వేశాను, మూడో గేరులో వచ్చాను, ప్రతి గుంతకూ నమస్కారం పెట్టాను. దిగేటప్పుడు ఆమె "ఏమొచ్చింది?" అని అడిగింది. "పదమూడు" అన్నాను. "చూసినవా మరి" అంది. మంగళవారం పధ్నాలుగు చేశాను. ఆమె మొహం ఎంత వెలిగిందంటే, ఆ వచ్చే శుక్రవారం తొందరపడి పదహారు చేయబోయి, ఆపుకున్నాను.

నిన్న పంపన్న నా దుకాణానికి వచ్చాడు. కూర్చోలేదు.

"ఏంది గురునాథా, ఈ మంగళవారం గూడ నీ బండేనంట."

"నేనేం జెయ్యాలె పంపన్నా. నాది ఇంక పదిహేనే గద. నడుమల ఇడిస్తే పాపమంటున్నది గౌరవ్వ."

"ఇరవైనాలుగు అని చెప్పెయ్యరాదు, జల్ది? నా బండి ఖాళీగ తిరుగుతున్నది."

"అట్లెట్ల చెప్తా? నీ బండంటే నీ బండి. నా బండి నిదానం. ఏడాది, రెండేళ్లు పట్టేటట్టున్నది."

ఆయన నా మొహంలోకి ఒకసారి, బయట నిలబెట్టిన నా బూడిదరంగు బండివైపు ఒకసారి చూశాడు. ఆ చూపు నాకు బాగా తెలిసిన చూపే. ఆయన అట్లా కుళ్లుకుంటూ మెట్లు దిగిపోతుంటే, వెనకనుంచి చూడడం నాకు ఎంత హాయిగా ఉందో చెప్పలేను.