సీటు కింద తీగ ముక్క

ఇంజన్ మీద అరచేయి ఆనిస్తే చాలు, దాని యజమాని చెబుతున్నది నిజమో అబద్ధమో తేల్చగల మనిషి కొండల్ రావు. జమ్మికుంటలో ముప్పై ఎనిమిదేళ్లు ట్రాక్టర్ల వర్క్‌షాప్ నడిపాడు. చదివింది ఊరి బడిలో ఏడో తరగతి. అయినా ఇంజనీరింగ్ చదివిన కంపెనీ వాళ్లు ఆయన బల్ల మీద కూర్చుని, చాయ్ తాగి, సందేహాలు తీర్చుకుని పోయేవారు. ఒక వానాకాలం వాగు పొంగి పదకొండు ట్రాక్టర్లు మునిగితే, పంతొమ్మిది రోజుల్లో పదకొండింటినీ తిరిగి పొలంలో దింపాడు. ఇరవై ఆరుగురికి పని నేర్పాడు. వాళ్లలో పద్నాలుగు మందికి ఇవాళ సొంత షెడ్లున్నాయి. ఇదంతా ఎవరైనా అడిగితేనే చెబుతాడనుకుంటే పొరపాటు. అడగకపోయినా చెబుతాడు.

అటువంటి మనిషికి డెబ్బై ఒకటో ఏట అమెరికాలో, మిషిగన్‌లోని నోవైలో కూతురు ఉష ఇంట్లో, చేతికి పని లేకుండా పోయింది. ఉష ఇంటి వెనక ఎకరం పచ్చిక. అల్లుడు రవికుమార్‌కు గడ్డి వాసన తగిలితే తుమ్ములు. అందుకని ప్రతి గురువారం కోత మనుషులు వచ్చి, అరగంటలో గరగర కోసి పోయేవారు. కొండల్ రావు ఇంటి వెనక డెక్ అనే చెక్క అరుగు మీద కుర్చీ వేసుకుని రెండు వేసవులు వాళ్లను చూశాడు. వాళ్ల బ్లేడుకు పదును లేదనీ, గడ్డిని కోయడం లేదు, చింపుతున్నారనీ ప్రతిసారీ చెప్పాడు. మూడో ఏడు ఏప్రిల్‌లో ఇక చెప్పడం మానేసి, అడిగాడు.

"బిడ్డా, నాకొక కూసోని నడిపే కోత బండి కొనియ్యి. కొత్తది వద్దు. పాతదైతే నాకు మాట్లాడుకోవడానికి ఏమన్నా ఉంటది."

ఉష ఆలోచించింది. "సరే బాపూ. మే నెలాఖరుకు కోతవాళ్ల కాంట్రాక్ట్ రిన్యూ చెయ్యాలె. అప్పటిదాక నువ్వే కొయ్యి. సేఫ్‌గా నడిస్తే వాళ్లను మాన్పిస్త. లేకుంటే బండి అమ్మేస్త. మళ్ల నా మీద అలగొద్దు."

"నేనెప్పుడన్న అలిగిన్నా?" అన్నాడు కొండల్ రావు.

లోపల పప్పు కడుగుతున్న ఆయన భార్య బాలమణి, "లేదు లేదు. మొన్న మూడు రోజులు మాట్లాడంది పక్కింటాయన," అంది.

నోవైకి నలభై నిమిషాల దూరంలో డేల్ అనే ముసలాయన బండి అమ్ముతున్నాడు. గుమ్మానికి సరిగ్గా సరిపోయేంత మనిషి. మోకాళ్ల ఆపరేషన్ అయిందట, ఫ్లోరిడాకు మకాం మారుస్తున్నాడట. తండ్రీ కూతుళ్లు వెళ్లేసరికి బండి షెడ్డు ముందర కడిగి, తుడిచి, పెళ్లికొడుకులా నిలబెట్టి ఉంది. డేల్ తాళం తిప్పబోయాడు. కొండల్ రావు ఆగమన్నట్టు చేయెత్తి, ఇంజన్ మీద అరచేయి ఆనించాడు. వెచ్చగా ఉంది.

"మనం రాకముందే ఒకసారి స్టార్ట్ చేసిండు. చల్లారాలె. చల్ల ఇంజన్ ఎట్ల లేస్తదో చూడనిదే నేను బేరమాడను. చెప్పు బిడ్డా."

ఉష నసుగుతూ ఇంగ్లీషులో చెప్పింది. డేల్ ఈ బక్కపలచని మనిషి వంక ఒక నిమిషం చూసి, పకపకా నవ్వి, రెండు కుర్చీలు తెచ్చి వేశాడు. ఇంజన్ చల్లారేలోపు కొండల్ రావు ఆయిల్ చూసే పుల్ల తీసి వాసన చూశాడు, పెట్రోలు కలవలేదు. బెల్టును వేలితో మడిచాడు, పగుళ్లున్నాయి. కిందికి వంగి బ్లేడ్ల పైకప్పును సుత్తి పిడితో కొట్టి విన్నాడు. తుప్పు పట్టింది గానీ చిల్లి పడలేదు. గంటన్నరకు ఇంజన్ చల్లబడి, తాళం తిప్పితే రెండో దమ్ముకు లేచింది. అది కాస్త దగ్గింది.

"కార్బరేటర్ కడగాలె. నిరుడు పెట్రోలు చలికాలమంతా లోపల్నే ఉంచిండు. గుండె మాత్రం గట్టిదే." అదీ ఆయన తీర్పు. ఆ దగ్గు పుణ్యమా అని డేల్ ధర బాగానే తగ్గించాడు. పోతూ పోతూ, "మీ నాన్న నా దగ్గర ముప్పై ఏళ్ల కిందట పనిచేసి ఉంటే నేనింకా వ్యవసాయంలోనే ఉండేవాణ్ణి," అన్నాడు. ఉష ఆ మాట తెలుగులో చెప్పింది. ఆ తర్వాత వారం రోజులు ఇంటికి ఫోన్ చేసిన ప్రతివాళ్లకూ కొండల్ రావు ఆ మాట చెప్పాడు.

గరాజు ఆయనకు వర్క్‌షాప్ అయింది. కార్బరేటర్ విప్పి పళ్లాల్లో పరిచాడు. నూనె మార్చాడు, బెల్టు మార్చాడు. బ్లేడ్లు ఆకురాయితో గంటసేపు అరగదీసి, ఒక్కో బ్లేడును నడుమ చిల్లిలో మేకుకు తగిలించి చూశాడు. ఏ పక్కకు వాలితే ఆ పక్కన ఇంకో నాలుగు రుద్దులు. రెండు పక్కలా సమంగా నిలిచేదాకా వదల్లేదు. రవికుమార్ ఆఫీసు నుంచి వచ్చి, "మామయ్యా, కొత్త బ్లేడ్లు ఆన్‌లైన్‌లో ఆర్డర్ చేస్తే రేపొస్తయి కదా," అన్నాడు. "అవీ వస్తయి అల్లుడూ. నేర్చుకున్న పని ఆర్డర్ చేస్తే రాదు," అన్నాడు ఆయన.

మొదటి శనివారం బండెక్కాడు. చదును నేల మీద బండి వెన్న మీద కత్తిలా పోయింది. మేపుల్ చెట్టు వేర్లు తేలిన చోటికి రాగానే ఎగిరిపడింది, ఇంజన్ టక్కున ఆగిపోయింది. మళ్లీ స్టార్ట్ చేశాడు. నాలుగు గజాలు పోయాక ఇంకో వేరు, మళ్లీ ఆగింది. ఆ రోజు పద్నాలుగు సార్లు ఆగింది.

డెక్ మీంచి బాలమణి పిలిచింది. "ఏమయ్యా, నిన్ను మనిషి కింద లెక్కగడతలేదా ఏంది నీ బండి?"

హాస్యానికి అన్నా ఆ మాట నిజమే. సీటు కింద ఒక స్విచ్ ఉంది. మనిషి కూర్చుంటే అది నొక్కుకుంటుంది, బ్లేడ్లు తిరుగుతుండగా లేస్తే ఇంజన్ ఆగుతుంది. డేల్ తన బరువుకు తగ్గ మొరటు స్ప్రింగు వేయించుకున్నాడు. కొండల్ రావు యాభై రెండు కిలోలు. కుదుపుకు ఆయన ఒక అంగుళం లేచినా, సీటు ఖాళీ అయిందని బండి అనుకుంటోంది.

ముప్పై ఎనిమిదేళ్లు ఇలాంటి స్విచ్చులకు ఆయన వర్క్‌షాప్‌లో ఒకటే మందు. సీటెత్తి, స్విచ్‌కు పోయే రెండు వైర్లు పీకి, మధ్యలో తీగ ముక్క పెట్టి కలిపేశాడు. డైరెక్ట్ చేయడమంటే అదే. కోత కోసే రోజున రైతుకు స్విచ్‌తో పేచీ దేనికి? మూడు నిమిషాల పని. ఇక వేర్లేమిటి, బండలెక్కినా బండి ఆగలేదు. ఎకరమంతా చారలు చారలుగా, కొత్త చాప పరిచినట్టు కోశాడు. ఉష డెక్ మీదికి వచ్చి చూసి, "సూపర్ బాపూ," అంది. ఆయన కడుపు నిండిపోయింది.

మూడు వారాలు అలాగే సాగింది. నాలుగో శనివారం గాలికి మేపుల్ కొమ్మ ఒకటి విరిగి దారిలో పడింది. కొండల్ రావు బ్రేకు వేసి, బ్లేడ్లు తిరుగుతుండగానే దిగి, బండి పక్కన వంగి కొమ్మ పట్టి లాగుతున్నాడు. పంచె అంచు గాలికి బ్లేడ్ల పైకప్పు మీద కొట్టుకుంటోంది. అప్పుడే కూరగాయల సంచులతో వచ్చిన ఉష అది చూసింది. సంచులు అక్కడే వదిలేసి, పరుగున వచ్చి తాళం తిప్పి ఆపింది. సీటెత్తింది. తీగ ముక్క కనిపించింది.

"డైరెక్ట్ చేసినవా?" అంది, చాలా మెల్లగా.

"ఊకూకె ఆగుతున్నది బిడ్డా. స్విచ్ మంచిది కాదు."

"బాపూ, నేను ఆఫీస్‌లో ఏం పని చేస్త?"

"కార్ల పని."

"కార్ సీట్ల పని. సీట్ల మనిషున్నడా లేడా అని కనిపెట్టే సెన్సర్. పదకొండేండ్ల నుంచి అదే టెస్ట్ చేస్తున్న. నా ఇంట్ల, మా బాపు, గదే పీకి పక్కన పెట్టిండు." ఆమె తాళం జేబులో వేసుకుంది. "సోమవారం అమ్మకానికి పెడుత."

"ముప్పై ఎనిమిదేండ్ల సర్వీసు నాది. వాగుల మునిగిన పదకొండు ట్రాక్టర్లు..."

"పదకొండు తెలుసు బాపూ. ఇరవై ఆరు గుడ తెలుసు," అని ఉష సంచులు ఏరుకుని లోపలికి వెళ్లిపోయింది.

కొండల్ రావు గరాజులో కూర్చున్నాడు. బండి పోతే మళ్లీ డెక్ మీద కుర్చీ, గురువారాలు. కాసేపటికి బాలమణి చాయ్ తెచ్చి పక్కన పెట్టింది. వెంటనే పోలేదు.

"విశ్వనాథం సంగతి బిడ్డకు ఎన్నడన్న చెప్పినవా?"

ఆయన లేదన్నట్టు తల అడ్డంగా ఊపాడు.

విశ్వనాథం ఆయన నేర్పిన ఇరవై ఆరుగురిలో తొమ్మిదోవాడు. ఒక కోతల కాలంలో వరి నూర్చే మిషన్ మాటిమాటికీ ఆగుతుంటే కొండల్ రావే దాని స్విచ్ డైరెక్ట్ చేశాడు. ఆగిందనుకుని విశ్వనాథం చేయి పెట్టాడు. రెండు వేళ్లు పోయాయి. దవాఖాన ఖర్చంతా కొండల్ రావు పెట్టుకున్నాడు, జీతం ఆపలేదు, చివరికి సొంత షెడ్డు పెట్టించాడు. ఆ పద్నాలుగు షెడ్లలో అదొకటి. లెక్క చెప్పేటప్పుడు షెడ్డును చెప్పుకున్నాడు గాని, వేళ్లను ఏనాడూ చెప్పలేదు.

లేచి వంటింట్లోకి నడిచాడు. ఉష బీరకాయలు చెక్కు తీస్తోంది. నిలబడే ఉండి, పొల్లు పోకుండా మొత్తం చెప్పాడు. చెప్పి, "తప్పు అప్పుడూ నాదే, ఇప్పుడూ నాదే," అన్నాడు. ఆ మాట ఆయన నోట వినడం ఉషకు అదే మొదటిసారి. చెక్కు తీయడం ఆపింది.

"బండి అమ్ముకో. నీ ఇష్టం. కాని అట్లనే అమ్మితే ఇంకొకని ఇంటికి పోతది గది. ముందుగాల నన్ను బాగుచేయనీ."

ఉష చేతులు కడుక్కుని, ఫ్రిజ్ మీదున్న కాగితం ముక్క తీసుకుని రాసింది. "మూడు కండిషన్లు బాపూ. నలభై పౌండ్ల బరువు సీట్ల పెట్టి బ్లేడ్లు వేస్తే ఇంజన్ ఆగిపోవాలె, పిల్లలెవరన్న ఎక్కి కూర్చున్నట్టు. నువ్వు కూర్చుంటే ఏ కుదుపుకూ ఆగొద్దు. నువ్వు లేస్తే మాత్రం ఆగాలె. మూడూ పాసైతే అప్పుడు మాట్లాడుదం."

"నువ్వు నన్ను ఇంటర్వ్యూ చేస్తున్నవా?"

"అవును."

ఆదివారం పొద్దున్నే హార్డ్‌వేర్ షాపుకు పోయాడు. స్ప్రింగుల డబ్బాల ముందు నిలబడి ఒక్కొక్కటీ బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నొక్కి చూశాడు. అక్కడి కుర్రాడు ఏం కావాలని అడిగితే, కావలసింది వేళ్లకు తెలుసన్నట్టు వేళ్లు చూపించాడు. మూడు కొన్నాడు. తీగ ముక్క పీకేసి, స్విచ్‌కు వైర్లు మళ్లీ కలిపాడు.

బరువుకు ఇంట్లోని సోనామసూరి సంచులు రెండు, ఒక్కోటి ఇరవై పౌండ్లు, అంటే తొమ్మిది కిలోలు. మొదటి స్ప్రింగు మరీ మెత్తన. సంచులను చూసే మనిషనుకుంది, బ్లేడ్లు తిరిగాయి. ఉష తల అడ్డంగా ఊపింది. రెండోది సంచులకు ఆగింది గాని, వేరు మీద ఆయనకూ ఆగింది. బాలమణి, "బియ్యానికీ నీకూ ఫరకు తెలుస్తలేదు దానికి," అంది. ఆయన మూడోది బిగించాడు. సంచులు పెట్టి బ్లేడ్లు వేస్తే ఇంజన్ ఆగింది. సంచులు దించి తాను ఎక్కాడు. మేపుల్ చెట్టు కింద వేర్ల మీదుగా పోయాడు, వచ్చాడు, కావాలనే అడ్డంగా పోయాడు. వీపు అదిరింది గాని ఇంజన్ అదరలేదు. ఉష ముందు బండి ఆపి, బ్లేడ్లు తిరుగుతుండగా సీటు మీంచి నిలువునా లేచాడు. ఇంజన్ ఠక్కున ఆగింది.

"పాసా?"

"ఒక్కసారి ఆగితే పాస్ కాదు బాపూ. ఆఫీస్‌లో వందసార్లు చేస్తం."

"అయితే వందసార్లు చెయ్యి," అన్నాడు కొండల్ రావు, తాళం తిప్పుతూ.

ఆయన లేచాడు, కూర్చున్నాడు, లేచాడు, కూర్చున్నాడు. ఉష కాగితం మీద గీతలు గీసింది. ముప్పై దాటాక బాలమణి అన్నానికి పిలిచింది, ఎవరూ కదల్లేదు. అరవై దగ్గర రవికుమార్ ముక్కుకు గుడ్డ కట్టుకుని వచ్చి నిలబడ్డాడు. ఎనభై దగ్గర కొండల్ రావు మోకాళ్లు కలుక్కుమంటుంటే, "చాలు బాపూ," అంది ఉష. "నీ ఆఫీస్‌ల ఎనభైకే ఆపుతరా?" అన్నాడు ఆయన.

వందోసారి లేచినప్పుడు కూడా ఇంజన్ ఆగింది. ఉష ఆఖరి గీత గీసి, కింద తేదీ వేసి సంతకం పెట్టింది. ఫోన్ తీసి కోతవాళ్లకు చెప్పింది, కాంట్రాక్ట్ ఇక రిన్యూ చేయడం లేదని, గురువారాలు రానక్కర్లేదని.

కొండల్ రావు బండి దిగలేదు. ఇంకా సగం పచ్చిక కోయాల్సి ఉంది.