విజయ గుప్పిట్లోని గార్నెట్

ఎనభైల మొదట్లో మేము వర్జీనియాలో ఉండేవాళ్ళం. ప్రతి వేసవిలో మూడు తెలుగు కుటుంబాలం కలిసి నార్త్ కరొలైనా కొండల్లోని ఒక వాగుకు గార్నెట్లు ఏరడానికి వెళ్ళేవాళ్ళం. గార్నెట్ అంటే దానిమ్మ గింజ రంగు రాయి. వాగు మట్టిని జల్లెడలో వేసి కడిగితే ఎప్పుడో ఒకటి దొరుకుతుంది.

ఒక ఏడాది మావారి ఆఫీసులో కొత్తగా చేరిన మూర్తి తన భార్య విజయను వెంటబెట్టుకొచ్చాడు. చాలా నెమ్మదస్తురాలు. కాసేపు నవ్వుకోవచ్చని, పగిలిన కారు టెయిల్ లైట్ ముక్కను ఆమె జల్లెడలో నేనే వేశాను.

"అక్కా, నాకు దొరికింది!" అంటూ తడి చీరతోనే పరుగెత్తుకొచ్చింది. అది ప్లాస్టిక్ అని నేను చెప్పగానే అందరూ పగలబడి నవ్వారు.

"దీన్ని ఎవరైనా ఫూల్ చేసేయొచ్చండీ," అంటూ మూర్తి అందరికంటే గట్టిగా నవ్వాడు. విజయ కూడా నవ్వబోయి, ముఖం తిప్పుకుని మళ్ళీ జల్లెడ అందుకుంది.

సాయంత్రం ఆమె ఒక్కతే నా దగ్గరకొచ్చి గుప్పిట విప్పింది.

"ఇదీ మీరు వేసిందేనా అక్కా?" అని మెల్లగా అడిగింది.

అది అసలైన గార్నెట్. రేగిపండంత ఉంది. నాలుగేళ్ళుగా వెతుకుతున్నా నాకలాంటిది ఒక్కటీ దొరకలేదు.

"అవును," అన్నాను.

ఆమె దాన్ని వాగులోకి విసిరేసి, వెళ్ళి కారులో కూర్చుంది.

పొద్దున చేసింది వేళాకోళమని సర్దిచెప్పుకోగలను. సాయంత్రం అన్న ఆ ఒక్క మాటకు మాత్రం నా దగ్గర ఇవాళ్టికీ సంజాయిషీ లేదు.